రిమార్కు గడిలో ‘పర్వాలేదు’

2017 జూన్‌లో, బి.ఎడ్. ముగియగానే, గద్వాలలోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతికి క్లాస్ టీచర్‌గా చేరాను. బాబు పుట్టేదాకా అక్కడే పనిచేశాను. ఇప్పుడు వాడు వనపర్తిలో ఒకటో తరగతి. వాడి ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వస్తే తిప్పి తిప్పి చూస్తాను. బాగా చదువుతున్నాడో, వెనకబడ్డాడో తేలదు. వాడు పడుకున్నాక మళ్లీ తీసి చూస్తాను. కార్డులు రాసి వచ్చిన నాకే ఇలా ఉంటే మిగతా తల్లిదండ్రులకు అవి ఏం చెబుతాయన్న సందేహంతోనే శ్రావణి సంగతి రాస్తున్నాను.

మొదటి ఫార్మేటివ్ పరీక్షను ఎఫ్‌ఏ వన్ అంటారు. మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించి, గ్రేడ్లు వేసి, కార్డు చివరి గడిలో రిమార్కు రాయాలి. సొంత మాటలు రాయకూడదు. ప్రిన్సిపల్ సార్ మాకు నాలుగు మాటలు ఇచ్చారు: చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, శ్రద్ధ పెట్టాలి. చివరిది వీలైనంతవరకు వద్దనేవారు. “శ్రద్ధ పెట్టాలని రాస్తే, మరి మీరేం పెడ్తుండ్రని అడుగుతరమ్మా” అనేవారు. అందుకని ‘సి’ గ్రేడు వచ్చిన పిల్లలందరికీ ‘పర్వాలేదు’ రాసేవాళ్లం. చదువు అంతంతమాత్రమని స్టాఫ్ రూంలో దాని అర్థం.

నా తరగతిలోని శ్రావణికి లెక్కల్లో సి వచ్చింది. వాళ్ల నాన్న నర్సింలు దగ్గరి పల్లెలో చేను కౌలుకు పట్టి, కంపెనీ విత్తనాల కోసం పెంచే సీడు పత్తి వేసేవారు. బిడ్డకు ఐదో తరగతిలో గురుకులం సీటు రావాలని ఆయన ఆశ. దానికి నాలుగో తరగతిలోనే ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు వస్తే చదువూ తిండీ బట్టా అన్నీ అక్కడే. రాకపోతే మళ్లీ ఏడాది మా బడికి పంపలేనని చేర్చేటప్పుడే చెప్పారు.

ఆగస్టులో కార్డు ఇంటికి వెళ్లి సంతకంతో తిరిగి వచ్చింది. ఆ మరుసటి వారం నుంచి శ్రావణి రాలేదు. వరుసగా రాని పిల్లల ఇంటికి క్లాస్ టీచరే ఫోన్ చేయాలి. చేశాను.

“మీరే రాసిండ్రు గద మేడం, పర్వాలేదని. ఇగ ఫికర్ లేదు, జర క్రాసింగ్ అయ్యేదాక రాకున్న నడుస్తదనుకున్న” అన్నారాయన.

సాయంత్రం మొగ్గ గిల్లి పుప్పొడి తీసేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి దానికి అద్దడమే క్రాసింగ్. చిన్న వేళ్లకు సులువని పిల్లలను చేలల్లోకి దింపుతారు. తప్పని అందరికీ తెలుసు.

బడికి రమ్మన్నాను. వచ్చి, కార్డును బల్ల మీద పెట్టారు.

“సీ అంటే పాసా, ఫెయిలా?”

ఫెయిల్ కాదన్నాను.

“అంటే పాసే గద.”

అలా అనలేమని, శ్రావణికి భాగహారం రావడం లేదని, ప్రవేశ పరీక్షలో లెక్కలు ఉంటాయని చెప్పాను.

“భాగహారమంటే పంచుడే గద మేడం? ఇంట్ల మంచిగనే పంచుతది. తమ్మునికి ఎక్కువ, దానికి తక్కువ.”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. “సీటొస్తదా, రాదా? గదొక్కటి చెప్పుండ్రి” అన్నారు. నాకు తెలియదన్నాను. “మీకే తెల్వకపోతే ఈ అట్ట మాకెందుకిచ్చినట్టు?” అని అడిగారు.

కార్డు తీసుకుని రిమార్కు కింద రాశాను: ‘భాగహారం రాదు. దసరా లోపు నేర్చుకోవాలి. రోజూ బడికి పంపాలి.’ ఆయన కూడబలుక్కుని చదివారు. “గిట్ల రాస్తే సమజైతది” అన్నారు. పోతూ పోతూ, “పొద్దుగాల మీకు, పొద్దూకంగ నాకు” అని పిల్లను బడికీ చేనుకూ పంచేశారు. ప్రిన్సిపల్ సార్‌కు తెలిసి, “కార్డు ఖరాబు చేసినవమ్మా. రేపు అందరు గిట్లనే రాయమంటరు” అన్నారు.

శ్రావణి సోమవారం నుంచి వచ్చింది. చివరి పీరియడ్‌లో కునికేది. అయినా పంతం పట్టి లెక్కలు చేసేది. ఆ పంతం ఎందుకో ఒకరోజు తనే చెప్పింది.

“భాగహారం రాదని కార్డుల ఎందుకు రాసిండ్రు టీచర్? మా నాయిన వాడకట్టంత చదివి వినిపించిండు. ఇప్పుడు అందరు నన్ను బగారా బగారా అంటుండ్రు.”

భాగహారాన్ని వంకర తిప్పి బగారా అన్నం పేరుతో పిలుస్తున్నారన్నమాట. తరగతిలో ఎవరూ అలా అనకుండా చూశాను. వాళ్ల వీధి నా చేతిలో లేదు.

దసరాకు కాదు గానీ దీపావళి దాటాక భాగహారం వచ్చింది. పరీక్ష రాసింది. మొదటి జాబితాలో పేరు లేదు, తర్వాతి దాంట్లో వచ్చింది. నేను గట్టిగా రాయబట్టే సీటు వచ్చిందని నర్సింలు అన్నారు. కావచ్చు. ఎగతాళికి రోషపడి చదివిందేమో. ఎలాగైనా చదివేదేమో. టీసీ తీసుకున్న రోజు శ్రావణి ప్రిన్సిపల్ సార్‌కు, మిగతా టీచర్లకు దండం పెట్టి, నా వైపు చూడకుండా ఆటో ఎక్కింది.

కార్డు చదివాక తమ పిల్లతో మర్నాడు ఏం చేయాలో తల్లిదండ్రులకు తెలియాలి. తెలియకపోతే సంతకం తప్ప అందులో వాళ్ల పని ఏమీ లేదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతవరకే. అదే మాట పిల్ల చెవిన పడేటప్పటికి ఎలా ఉండాలో నేర్పలేదు.