మందు మూతలో కొలిచిన ఐసు

వంటింట్లో కుళాయి కారుతోందని మొన్న మంగళవారం మా ప్లంబరు మేస్త్రిగారికి ఫోను చేశాను. ఎత్తింది వాళ్ళమ్మాయి. "నాన్నగారు పోయి పదకొండు రోజులైందండి. మీకెవరూ చెప్పలేదాండి?" అంది. చెప్పలేదు. ప్లంబరు పోయిన కబురు ఇంటింటికీ ఎవరు మోసుకొస్తారు? ఏదో ఒకటి కారినప్పుడే తెలుస్తుంది. ఓదార్చవలసింది నేను. ఆ పిల్లే "కుళాయికి ఇంకెవరినైనా పంపమంటారాండి?" అని అడిగింది. వద్దన్నాను.

పెనుగొండలో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మా ఆయనకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు తణుకు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటారు. రోజుకు ఇన్ని నీళ్ళకు మించి తాగకూడదని డాక్టరుగారు కచ్చితంగా చెప్పారు. గ్లాసుడు నీళ్ళు రెండు గుక్కల్లో అయిపోతాయి. అవే నీళ్ళు ఐసు ముక్కలుగా చప్పరిస్తే పూట గడుస్తుంది. పగలంతా నేను కొట్లో ఉంటాను. ఆయన చేతులు వణుకుతాయి, ట్రేలో నీళ్ళు పోస్తే సగం నేలపాలే. అందుకని కొన్నేళ్ళ కిందట, నీళ్ళ పైపు బిగిస్తే దానంతటదే ఐసు తయారుచేసే ఫ్రిజ్జు కొన్నాం. ముక్కలన్నీ ఒకే కొలత కాబట్టి, రోజుకు ఇన్ని అని లెక్కపెట్టుకోవచ్చనుకున్నాం.

పైపు బిగించడానికి మేస్త్రిగారు వచ్చారు. పాత కళ్ళద్దాలు, చొక్కా జేబులో టేపు చుట్ట. ప్రెషరు చూసే మీటరు ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు. లీటరు సీసా కుళాయి కింద పెట్టి, అది నిండేదాకా రామనామం చెప్పుకునేవారు. మంచి ఇళ్ళల్లో పన్నెండు నామాలకు నిండుతుందట. మా ఇంట్లో ముప్ఫై దాటింది.

"ట్యాంకెక్కడుందండి?"

"నైరుతిలో."

"వంటిల్లు?"

"ఆగ్నేయంలో."

మా మామగారు పట్టుబట్టి కట్టించిన వాస్తు అది. పైపు ఇల్లంతా చుట్టి, తొమ్మిది మలుపులు తిరిగి వంటింటికి వస్తుంది. మేస్త్రిగారు నవ్వారు. "వాస్తు మనుషులకి కుదిరింది గానీ నీళ్ళకి కుదరలేదండి. మలుపు మలుపుకీ కాస్త ఓపిక పారేసుకుని, ఇక్కడికొచ్చేసరికి నీరసపడిపోతున్నాయి." చుట్టూ కాలవలున్న ఊళ్ళో మా కుళాయికి మాత్రం నీరసం. అయినా ఐసుకు ఎన్ని నీళ్ళు కావాలిలే అని, సింకు కింద నుంచి ఒక సన్నపైపు లాగి బిగించి వెళ్ళారు.

ఐసు వచ్చింది. నాలుగో రోజున మా ఆయనకు పాదాలు పొంగి, ఊపిరి ఆడలేదు. ఆస్పత్రిలో రెండు రోజులున్నాం. లెక్క తప్పలేదని ఆయన ఒట్టేసి చెప్పారు. ఇంటికొచ్చి ఫ్రిజ్జులో ఐసు పడే డబ్బా తెరిచి చూస్తే ముక్కలు విడివిడిగా లేవు. రెండేసి, మూడేసి అతుక్కుని ఉన్నాయి. ఆయన ఒకటనుకుని తీసుకున్నది మూడు ముక్కల నీళ్ళు.

కోపం వచ్చింది. మేస్త్రిగారికి ఫోను చేసి అనరాని మాటలన్నాను. ఇంక మా గడప తొక్కొద్దన్నాను. ఆయన అంతా విని, "ఆయ్, అలాగేనండి" అని ఫోను పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే చిన్న మోటారొకటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"తప్పు నాదేనండి అమ్మగారూ. సీసా నింపి చూశాను గానీ ఐసు కరిగించి చూళ్ళేదు. ఆ ఫ్రిజ్జులో వాల్వు తెరుచుకోడానికి కరెంటు చాలండి. గట్టిగా మూసుకోవాలంటే వెనకనించి నీళ్ళు తొయ్యాలి. మీ నీళ్ళకి అంత బలం లేదు. మూసుకున్నాక కూడా కారుతానే ఉండి, ముక్కల్ని ఒకదానికొకటి అతికించేస్తోంది."

ట్యాంకు నుంచి వంటింటికి గోడ వెంబడి తిన్నగా కొత్త పైపు వేశారు. దానికి ఆ చిన్న మోటారు తగిలించారు. ఫ్రిజ్జు నీళ్ళు తీసుకున్నప్పుడు తిరిగి, చాలనగానే ఆగిపోతుంది. మధ్యాహ్నానికి పనైంది, మనిషి కదల్లేదు. కొలత గీతలున్న దగ్గుమందు సీసా మూత ఒకటి అడిగారు. డబ్బాలో పడిన మొదటి ముక్కను అందులో వేసి, కరిగేదాకా చూశారు. నీళ్ళు పై గీతను తాకాయి. రెండో విడతలో ఒకటి, మూడో విడతలో ఒకటి. ఒక్కో విడతకు గంట పైనే పట్టింది. అరుగు మీద కూర్చుని మా ఆయనతో వరికోతల కబుర్లు చెబుతూ, మధ్యమధ్య లేచి వెళ్ళి మూత చూసి వచ్చేవారు. భోజనానికి రమ్మంటే, "ఇది తేలాలండి" అన్నారు. మూడూ ఆ గీతనే తాకాక, మా ఆయన వైపు తిరిగి, "ఇంక ధైర్యంగా లెక్కెట్టుకోండి బాబుగారూ" అని సామాను సర్దుకున్నారు.

ఏ ఇంట్లో పని ముగించినా ఆ కుళాయి నీళ్ళే గ్లాసుడు తాగి వెళ్ళడం ఆయన అలవాటు. ఆ రోజు మా ఇంట్లో తాగలేదు. దాహంతో ఉన్న మనిషి ఎదుట తాగడం ఇష్టంలేక వీధి కుళాయి దగ్గర దోసిలి పట్టడం నేను కిటికీలోంచి చూశాను. అన్న మాటలకు అప్పుడే క్షమించమని అడగవలసింది. తర్వాత ఎన్నోసార్లు పనికి వచ్చారు, ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు, ఆ బాధ నాకుంది.

ఐసు కొలత ఇప్పటికీ తప్పలేదు. మా ఆయన మళ్ళీ ఆ కారణంగా ఆస్పత్రిలో పడలేదు.

మంగళవారం నేను ఈ కబురు మా ఆయనకు చెప్పాను. ఆ రోజు వాటాలో ఆయనకు ఇంక రెండు ముక్కలే మిగిలాయి. లేచి వెళ్ళి ఒకటి తెచ్చి, దాచుకున్న ఆ మందు మూతలో వేసి, వంటింటి గట్టు మీద పెట్టారు. "ఇది మేస్త్రిగారి వాటా" అన్నారు. ఎండిన పెదాలు తడుపుకుంటూ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. ఐసు మెల్లగా కరిగి, నీళ్ళు పై గీత దాకా వచ్చి ఆగాయి.