పెట్టె మీద పేరు

ఇర్బిద్ పట్టణ ప్రయోగశాలలో రోగక్రిములను పెట్టెల్లో కట్టి విమానమెక్కించే మిస్బాహ్‌కు ఒకే ఒక్క గొప్ప ఉంది. పద్దెనిమిదేళ్లలో ఆయన కట్టిన పెట్టె ఒక్కటీ వెనక్కి రాలేదు. ఈ మాట ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆయన నోరు తెరవగానే కాఫీ కలిపేవాడు కూడా "పద్దెనిమిదేళ్లు, తెలుసులెండి" అనేవాడు.

ఆ గురువారం పెట్టెలో ఉన్నవి రీమ్ అనే ఇరవై నాలుగేళ్ల పిల్ల ఊపిరితిత్తుల నుంచి తీసి పెంచిన క్షయ క్రిములు. ఇక్కడున్న ఏ మందుకూ లొంగలేదు. దేనికి లొంగుతాయో విదేశంలోని పెద్ద ప్రయోగశాల చెప్పాలి. సాయంత్రం విమానం తప్పితే పెట్టెను చల్లగా ఉంచే పొడిమంచు ఆవిరైపోయి క్రిములు పాడవుతాయి. మళ్లీ పెంచాలంటే ఆరు వారాలు. అన్నాళ్లు ఆగే ఓపిక ఆ పిల్లలో లేదని డాక్టరు చెప్పేశాడు.

క్రిములున్న గాజు గొట్టానికి మిస్బాహ్ దూది చుట్టాడు. దాన్ని చుక్క కారని డబ్బాలో పెట్టి, డబ్బాను గట్టి పెట్టెలో దించాడు. చుట్టూ పొడిమంచు నింపి, దాని ఆవిరి పోవడానికి సందు వదిలాడు. అన్నీ రెండేసిసార్లు చూసుకుని, పైన బాధ్యుడి పేరు రాసే చోట ముత్యాల్లాంటి అక్షరాలతో 'అబూ సకర్' అని రాశాడు.

అంటే సకర్ నాన్న. కొడుకు పుట్టకపోయినా పుట్టబోయేవాడి పేరుతో పిలవడం అక్కడి మర్యాద. మిస్బాహ్‌ను ఇరవయ్యో ఏట నుంచీ అలాగే పిలుస్తున్నారు. సకర్ మాత్రం రానేలేదు. పంతొమ్మిదేళ్ల కిందట కూతురు జుమానా పుట్టింది. ఇక పేరు మార్చుకోవా అని ఎవరో అడిగితే, "తొందరేముంది, వాడూ వస్తాడు" అన్నాడు ఈ మహానుభావుడు.

అమ్మాన్ విమానాశ్రయంలో సరుకు తీసుకునే ఇంతిసార్ కాగితాన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూసింది.

"బాబాయ్, కాగితంలో మిస్బాహ్ అని ఉంది. పెట్టె మీద అబూ సకర్. ఈయనెవరు?"

"నేనేనమ్మా. ఊరంతా నన్నలాగే పిలుస్తుంది."

"ఊరు విమానం ఎక్కట్లేదు కదా బాబాయ్. కొత్త రూలు ప్రకారం రెండు చోట్లా ఒకటే పేరుండాలి. దారిలో ఏమన్నా అయితే మేం పెట్టె మీదున్న ఈ నంబరుకే ఫోన్ చెయ్యాలి. ఒకసారి చేసి చూస్తా."

తన సెల్లు ఎప్పుడూ చచ్చే ఉంటుందని ఆయన ఇంటి నంబరు రాశాడు. ఇంతిసార్ స్పీకరు పెట్టింది.

"అబూ సకర్ గారిల్లేనా? వాళ్లబ్బాయి సకర్‌ని పిలుస్తారా?"

"సకర్ పుట్టలేదండీ," అంది జుమానా, ఎన్నోసార్లు చెప్పిన మాటలాగే. "పుట్టింది నేనే."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మిస్బాహ్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. క్రిములకు మూడు పొరలు కట్టే తెలివిగలవాణ్ని, కన్నకూతురు ఇంట్లో ఉండగా లేనివాడి పేరు మోసుకు తిరిగాను, ఇప్పుడు రీమ్ ప్రాణం మీదికీ తెచ్చాను అని తనను తానే తిట్టుకున్నాడు. సరుకు తీసుకోవడం ఆపడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. కొత్త కాగితం అడిగి, గుర్తింపు కార్డులో ఉన్న పేరే రాసి అంటించాడు. ఇంతిసార్ మళ్లీ మొదటి నుంచీ అన్నీ చూసి, నాలుగు నిమిషాలుందనగా పెట్టెను లోపలికి పంపింది.

మిస్బాహ్ బయటికొచ్చి, కాపలావాడి ఫోను అడిగి ఇంటికి చేశాడు.

"ఎవరండీ?"

"అబూ..." అని అలవాటుగా మొదలెట్టి ఆగాడు. "అబూ జుమానాని."

పెట్టె మీది పేరుతో వచ్చిన గొడవంతా చెప్పాడు.

"పెట్టె మీద కూడా అలాగే రాశావా నాన్నా?"

"లేదమ్మా. రాస్తే వెనక్కి పంపేస్తారు."