ముంతలో తోడు

తోడుకు ఒక చెంచా పెరుగు అడిగిన ఆడమనిషికి మొగుడు బతికే ఉన్నాడా అని మీరు ముందు చూస్తారా, చూడరా?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నేను పెద్దపల్లి బస్సులో ఉండగా, సుల్తానాబాద్‌లో ఒకామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఒళ్లో గుడ్డ కట్టిన చిన్న ముంత. బస్సు కుదిపినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంటోంది.

"ఏముందమ్మా అందులో?" అని అడిగాను.

"పెరుగు సారూ, తోడుకు. అవ్వగారింటికెళ్లి తెస్తున్న."

"పుట్టింటి నుంచా, ఇంత దూరం? మీ వాడలో ఇవ్వరా?"

"మా ఆయన బొగ్గుబాయిల సచ్చిపోయిండు. ముండమోసినదానికి తోడిస్తే ఆళ్ల బర్రె ఎండిపోతదట. ఎండలకు నా తోడు చెడిపాయె. పోరగాండ్లు పెరుగు లేంది బువ్వ ముడుతలేరు."

నా ఒళ్లు మండిపోయింది. "పాలకు విధవ ఎవరో, ముత్తయిదువ ఎవరో తెలుస్తుందా? ఎంత మూర్ఖత్వం!" అని బస్సంతా వినేలా ఉపన్యాసం దంచాను.

ఆమె ముంత సర్దుకుని నవ్వింది. "పాలకు తెల్వదని నాకెరికే. మీ ఇంట్లయితే ఇస్తరా సారూ?"

మా ఇల్లు గుర్తొచ్చింది. పక్కింటి వితంతువును మా అమ్మ వాకిట్లోంచే తిప్పి పంపేది. నేను లోపల కూర్చుని మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. ఇంటికి చేరగానే పెరుగు గిన్నెతో ఆ పక్కింటి తలుపు తట్టాను.

ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీ వాడలో ఎవరూ తోడివ్వని వితంతువు ఇంటికి ఈరోజే తోడు ఇచ్చి రండి. రేపు ఆమె ఇంటి తోడు అడిగి తెచ్చి, మీ పాలల్లో వేయండి.