అమ్మగారి పేరు అడిగే సుందరరాజుగారు

గుడివాడ వాస్తవ్యులు సుందరరాజుగారికి విడువరాని అలవాటు ఒకటి ఉన్నది. మోసగాడన్న అనుమానం కలిగిన ప్రతి మనిషినీ ఆయన ముందుగా వాడి తల్లిగారి పేరు అడుగుతారు. మోసానికి బయలుదేరినవాడు తల్లి పేరు తడబడకుండా చెప్పలేడన్నది ఆయన సిద్ధాంతమని మేమందరమూ భావించేవారము. గుడివాడ, బందరు, దివిసీమల మధ్య జీవితమంతా సొంత ట్యాక్సీ నడిపి ఆయన నేర్చిన శాస్త్రం అది.

బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసేవారికి ఆయన సింహస్వప్నం.

"సార్, మీ ఖాతా ఈ సాయంత్రం ఆగిపోద్ది. ఓటీపీ చెప్పండి."

"చెప్తాను నాయనా. ముందు మీ అమ్మగారి పేరు చెప్పు."

"నేను మేనేజర్ని మాట్లాడుతున్నాను సార్!"

"మేనేజరైతే మాత్రం అమ్మ ఉండదేంటి?"

సాధారణంగా ఫోను అక్కడ తెగిపోతుంది. ఒక కుర్రవాడు మాత్రం కంగారులో నిజం చెప్పేశాడు. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కూ ఫోను చేసి ఆశీర్వాదం తీసుకుంటున్నాడు. ఓటీపీ ప్రస్తావన మళ్ళీ తేలేదు.

బందరు కలెక్టరు కచేరీలో ఉత్తర్వులకు నకళ్ళు రాసి విరమించిన నాకు ఆయనతో తొలి పరిచయం గుడివాడ బస్టాండు ఎదుట కలిగింది. బస్సు తప్పిపోగా ఆయన ట్యాక్సీ మాట్లాడుకొన్నాను. బాడుగ బందరు చేరిన పిమ్మట ఇస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ అమ్మగారి పేరేంటండీ?" అన్నారు. "పాపాయమ్మ" అన్నాను. పెద్దల ఊసెత్తి మాట్లాడే డ్రైవరు ఈ రోజుల్లో ఉన్నాడా అని దారి పొడుగునా మురిసిపోయాను. ఆ స్నేహమే కాలక్రమేణా నన్ను జార్జియా దేశపు కొండ అంచు దాకా తీసుకుపోయింది.

సుందరరాజుగారి మనుమరాలు కృపాకుమారి ఆ దేశంలో వైద్యవిద్య పూర్తిచేసింది. పట్టా పుచ్చుకొనే వేడుకకు ఆయన, భార్య ఆనందమ్మగారు ప్రయాణమవుతూ, కాగితాల వ్యవహారం చూడడానికి నన్ను వెంటబెట్టుకొన్నారు. ముగ్గురి పాస్‌పోర్టులూ ఉన్న తోలుసంచి నా బాధ్యత. విదేశాలలో జరిగే మోసాలను గురించిన హెచ్చరికలన్నీ చదివి ఉండడం వల్ల, విమానంలో కూడ ఆ సంచిని ఒళ్ళోనుంచి దింపలేదు.

ఆ దేశపు విమానాశ్రయం గుమ్మంలోనే ఒక ట్యాక్సీవాడు మా పెట్టె పట్టుకొన్నాడు. సుందరరాజుగారు వెంటనే పరీక్ష పెట్టారు.

"యువర్ మామా నేమ్?"

"మామా? గియోర్గి!" అన్నాడు వాడు తడుముకోకుండా.

సుందరరాజుగారు నా చెవిలో, "తల్లి పేరు గియోర్గీ అంటండీ, మగపేరు! వీడు ఖాయంగా దొంగే రావుగారూ!" అన్నారు.

ఇంతలో కృప పరుగెత్తుకొంటూ వచ్చింది. "అయ్యో తాతయ్యా! ఇక్కడ మామా అంటే నాన్న. అమ్మని దెదా అంటారు."

"నాన్నని మామా అంటే మరి మామని ఏమంటారే?" అని ఆనందమ్మగారు దిగులుపడ్డారు. ఆ రాత్రి పడుకొనే వరకు సుందరరాజుగారు "దెదా, దెదా" అని వల్లెవేసుకొన్నారు.

వేడుకకు ఒక రోజు వ్యవధి ఉన్నది. కొండల మీది పాత చర్చిని చూడాలని ఆనందమ్మగారి కోరిక. ట్యాక్సీలో వెళ్ళమని కృప బతిమాలింది. "జన్మంతా ట్యాక్సీ తోలినోణ్ణి, ఇంకోడి ట్యాక్సీలో వెనక్కాల కూర్చోమంటావా?" అని ఆయన కారు అద్దెకు తీసుకొన్నారు. ఆ దేశంలో బండ్లు కుడివైపున పోతాయి. స్టీరింగు ఎడమవైపున ఉంటుంది. ఆయన గేరు కోసం ఎడమచెయ్యి చాచినప్పుడల్లా తలుపు తెరుచుకొన్నది. మలుపు తిరుగుతున్నానని సిగ్నలు వేయబోయినప్పుడల్లా ఎర్రటి ఎండలో వైపర్లు ఆడినవి.

"కుడీ, కుడీ!" అని వెనక సీటులో ఆనందమ్మగారు ఆపకుండా అరుస్తూనే ఉన్నారు.

"కుడేనే! మనకెదురుగా వచ్చేవాడే కుడి తప్పాడు!"

"వాడొక్కడే కాదండీ, అందరూ తప్పారు! మీరే కుడికి రండి!"

మా ప్రాంతంలో ఎత్తు అంటే కాలవ గట్టు, పల్లమంటే చేపల చెరువు. సుందరరాజుగారు జీవితంలో ఎక్కిన మహోన్నత శిఖరం పులిగడ్డ వారధి. అటువంటి మనిషి మేఘాలలోకి కారు పోనిస్తుంటే, నా వైపు అద్దంలోనుంచి చూస్తే నేల కనిపించలేదు. నేను సంచిని గుండెలకు హత్తుకొని కళ్ళు మూసుకొన్నాను. దారిలో ఆవుల మంద అడ్డం వచ్చినప్పుడు మాత్రం ఆయన ముఖం వికసించింది. "చూడండి రావుగారూ, అచ్చం మన బంటుమిల్లి రోడ్డే!"

ఒక టీ దుకాణం వద్ద ఆగి బయలుదేరిన కొంతసేపటికి కారు ఒకవైపు ఒరిగి, చక్రం టపటప కొట్టుకోసాగింది. దుకాణం వద్ద మా పక్కన నిలిపి ఉన్న నల్లకారు మా వెనకే వస్తూ లైట్లు వేసి ఆర్పుతున్నది.

"ఆపవద్దు! ఇటువంటి సందర్భంలో ఆపరాదని స్పష్టంగా రాసి ఉన్నది!" అన్నాను.

"ఆపకపోతే లోయలోకి పోతామండీ. అదీ రాసుందా?"

ఆపారు. నల్లకారులోనుంచి ఇద్దరు దిగారు. ఒకడు తాటిచెట్టంత ఉన్నాడు. కారు పైకెత్తాలి, అందరూ దిగండని సైగ చేశాడు. దిగాము. కంగారులో సంచిని సీటు మీదనే వదిలిపెట్టాను. పొడుగువాడు చక్రం వద్ద వంగి ఏదో చూపిస్తుండగా, రెండవవాడు కారు అవతలివైపు తలుపు మెల్లగా తెరిచాడు. సంచి వాడి కోటు లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను. పాస్‌పోర్టులు లేనిదే మాకు వేడుకా లేదు, ఊరూ లేదు. అరిస్తే లోయలోకి తోస్తారేమోనని ఆనందమ్మగారి వెనక్కి చేరాను.

సరిగ్గా అప్పుడు సుందరరాజుగారు పొడుగువాడి భుజం తట్టారు. "దెదా నేమ్?"

వాడు తెల్లబోయాడు. "దెదా? నానా."

"మామంటే నాన్నా, అమ్మ పేరేమో నానా!" అన్నారు ఆనందమ్మగారు. "ఈ ఊళ్ళో ఎవరెవరో తెలిసేటట్టు లేదు!"

"నానమ్మగారు హౌ? హెల్త్?" అన్నారు సుందరరాజుగారు.

వాడు ఏమనుకొన్నాడో, కిందికి చూస్తూ తన మోకాలు తడిమి చూపించాడు. నొప్పి అన్నట్లు తల ఊపాడు. సుందరరాజుగారు టోపీ తీసి, వాడి నెత్తిన చెయ్యిపెట్టి, కొండలు మారుమోగేటట్లు ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా! ఈ నానమ్మగారి మోకాళ్ళు ముట్టు తండ్రీ! ఆ తల్లి మెట్లు ఎక్కలేకపోతంది తండ్రీ! బిడ్డ ఎప్పుడొస్తాడా అని గుమ్మంలో చూస్తంది తండ్రీ!"

వాడికి తెలుగు రాదు. కానీ "నానా" అన్న మాట వచ్చినప్పుడల్లా వాడి భుజాలు కుంగినవి. రెండవవాడు కూడ టోపీ తీసి శిలువ గుర్తు వేసుకొన్నాడు. ప్రార్థన మోకాళ్ళనుంచి నడుముకూ, నడుమునుంచి కంటిచూపుకూ సాగింది. కంటిచూపు వద్ద రెండవవాడు ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, కోటులోనుంచి సంచి తీసి సీటు మీద పెట్టాడు.

"ఆమెన్!" అన్నారు సుందరరాజుగారు తక్షణమే.

వారిద్దరూ తామే తీసిన గాలిని తామే తిరిగి కొట్టి, మాకు దణ్ణంపెట్టి వెళ్ళిపోయారు. నేను సంచి విప్పి మూడు పాస్‌పోర్టులూ లెక్కపెట్టుకొన్నాను.

"సుందరరాజుగారూ! సంచి పోయింది, మళ్ళీ వచ్చింది!"

"చూశానండి. లేపోతే అంత పొడుగు ప్రార్థన ఎందుకు చేస్తాను?"

మరునాడు కృప పట్టా పుచ్చుకొన్నది. అందరమూ క్షేమంగా ఇల్లు చేరాము. తల్లి పేరు దొంగను పట్టే ఉపాయం మాత్రమేనని అప్పటికీ నా నమ్మకం.

క్షేమంగా తిరిగివచ్చినందుకు గుడివాడలో వారింట కృతజ్ఞతా ప్రార్థనకూడిక పెట్టి నన్ను పిలిచారు. సుందరరాజుగారు మోకరించి, ఏ కాగితమూ చూడకుండా, వరుసగా ఆడవారి పేర్లు చెబుతూ క్షేమం వేడసాగారు. దొంగనోటు ఇచ్చినవాడి తల్లి, ఓటీపీ కుర్రవాడి తల్లి, అందరూ ఆ వరుసలో వచ్చారు. "జార్జియాలో ఉన్న నానమ్మగారి మోకాళ్ళు" అనగానే, పొరుగింటి మార్తమ్మగారు ఆనందమ్మగారిని మోచేత్తో పొడిచి, "వదినా, అన్నయ్యగారి నానమ్మ ఇంకా ఉన్నారా?" అని గుసగుసలాడారు.

నా చెవిలో మాత్రం నానమ్మగారికి ముందు వచ్చిన పేరే మోగుతున్నది: "బందరు పాపాయమ్మగారి ఇంటివారిని కాపాడు తండ్రీ."

కూడిక ముగిసేవరకు ఓపిక పట్టి, ఆయనను వరండాలో నిలదీశాను. "దొంగల తల్లుల నడుమ మా అమ్మ ఎందుకున్నదండీ?"

సుందరరాజుగారు మెడ గోక్కొన్నారు. "బాడుగ బందరెళ్ళాక ఇస్తానన్నారు కదండీ ఆ రోజు! అందుకని అడిగాను. పేరు తెలిశాక ప్రార్థన చెయ్యకుండా ఊరుకోలేను. వాడి సంగతి వాడికి తెలుసు, పాపం తల్లికి తెలీదు కదా అని."

"బాడుగ ఇచ్చాను కదా! మా అమ్మ కాలంచేసి కూడ చాలాకాలమైనది!"

"ఇచ్చారు. ఆవిడ పోయారని తెలిశాకే ఇంటివారని మార్చాను." ఆయన నా చేతికి టీగ్లాసు అందించారు. "ఇన్నాళ్ళ అలవాటండీ రావుగారూ. ఆవిణ్ణి తీసేస్తే నానమ్మగారి దగ్గరికెళ్ళే వరసే తప్పిపోద్ది."