అవ్వ తాళాలు, తమ్ముడి తల మీది తీగలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నిజామాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని. పైగా మాది మెథడిస్టు కుటుంబం. చనిపోయినవాళ్ళు చివరి దినాన లేస్తారని ఆదివారం పాడతాం గానీ, అంతకంటే ముందే లేచి వాకిట్లో తిరుగుతారంటే మా చర్చి పాస్టరు అయ్యగారే ఒప్పుకోడు. స్టాఫ్‌రూములో ఎవరైనా అద్దె ఇంట్లో చప్పుళ్ళు అని మొదలుపెడితే, ఎలుకల బోను కొనుక్కోమని చెప్పి నా పేపర్లు నేను దిద్దుకునేదాన్ని.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా బోను నాకే ఇస్తారని భయం.

మాది బోధన్ పక్క ఊరు. నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన చక్కెర ఫ్యాక్టరీ యార్డులో చెరుకు దింపే పని చేసేవాడు. సీజను మొదలైతే గాలి కూడా తియ్యగా, కొంచెం మాడినట్టు ఉండేది. బండ్ల వెనక పరిగెత్తి గడలు గుంజి, దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేవాళ్ళం. ఇప్పుడు ఏ రసం బండి ముందు నిలబడినా నాకు ఆ రుచి దొరకదు.

తమ్ముడు సామేలు పుట్టిన కొన్నాళ్ళకే అమ్మ పోయింది. మమ్మల్ని పెంచింది బాపు తల్లి. ఆమెనే అవ్వ అనేవాళ్ళం. ఊళ్ళో చర్చి ఊడ్చేది ఆమె, గంట కొట్టేది ఆమె, తలుపులు వేసేది ఆమె. చర్చి తాళాల గుత్తి ఎప్పుడూ నడుముకు వేలాడుతుండేది. పెద్ద పెద్ద ఇనుప తాళం చెవులు. మోకాళ్ళు అరిగిపోయి ఒక కాలు ఈడ్చి నడిచేది కాబట్టి, ఆ గుత్తి ఒక అడుగుకు గట్టిగా, ఇంకో అడుగుకు మెల్లగా మోగేది. ఆ చప్పుడు మలుపు దగ్గర వినపడగానే చెరుకు పిప్పి దాచేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం. ఆమె పిప్పి వైపు చూసి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది.

సామేలుకు చిన్నప్పుడే ఫిట్స్ మొదలయ్యాయి. ఫిట్స్ వచ్చిన మనిషి పిడికిట్లో ఇనుము పెట్టడం మా వైపు అలవాటు. అవ్వ చర్చి తాళాలే పెట్టేది. ఇది మూఢనమ్మకం, విశ్వాసులు చేయకూడదు అని అయ్యగారు ఒకసారి మందలించాడు. "అయ్యగారూ, గివి దేవుని ఇంటి తాళాలే గద. పొల్లగాడు పట్టుకుంటే దేవుడు గుస్స అయితడా?" అంది అవ్వ.

ఇనుముతో ఫిట్స్ తగ్గవని నాకు తెలుసు. కాసేపటికి అవే తగ్గుతాయి. కానీ సామేలు కళ్ళు తెరిచేసరికి ఎప్పుడూ ఆ గుత్తి చేతిలో ఉండేది, అవ్వ చేయి వాడి తల మీద ఉండేది. ఈ రెండూ వాడికి ఒకటైపోయాయి.

అవ్వ పోయాక గుత్తిని చర్చి సంఘం పెద్దలకు అప్పజెప్పాం. ఆ తర్వాత ఫ్యాక్టరీలో బాపుకు పని లేకుండా పోయింది. నాకు నిజామాబాద్‌లో ఉద్యోగం ఉంది కాబట్టి ముగ్గురం అక్కడికి వచ్చేశాం. మేము దిగిన ఇంటికి ఒకే తలుపు, దానికి ఒక చిన్న తాళం. గుత్తి అనదగ్గది ఇంట్లో ఏదీ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను చాలాసార్లు వెతికి చూశాను.

సామేలు అప్పటికి మీసాలొచ్చిన మనిషి. కానీ వాడిని ఒక్క క్షణం ఒంటరిగా వదిలేవాళ్ళం కాదు. పొయ్యి దగ్గరికి వద్దు, బావి దగ్గరికి వద్దు, సైకిల్ వద్దు. స్నానానికి వెళ్తే బాపు తలుపు బయట కూర్చునేవాడు. మాత్రలు వేసుకుంటున్నా ఫిట్స్ పూర్తిగా ఆగలేదు. ఒకరోజు అన్నం తింటూ తింటూ వాడు నా వైపు చూడకుండానే అన్నాడు. "అక్కా, ఒక్కసారి ఒక్కన్నే సైకిల్ మీద బోధన్ దాక పోయి రావాలె. నా ఎన్క ఎవ్వలు రావద్దు." ఇంత చిన్న కోరిక.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని చదవగా, మెదడు అలలను తెర మీద చూసుకుంటూ, కావాల్సిన అలను పెంచుకునే శిక్షణ ఒకటి ఉందని తెలిసింది. దాన్ని న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారట. కొన్ని దేశాల్లో ఇళ్ళలోనే చేసుకుంటున్నారట. హైదరాబాద్‌లో ఎవరో మూసేసిన క్లినిక్ నుంచి ఆ శిక్షణకు వాడే పాత పరికరం, ఒక డబ్బా లాంటిది, సంపాదించాను. డాక్టరుకు చెప్పాను. మాత్రలు ఒక్కరోజు ఆపినా ఊరుకోనని ఆయన వేలు చూపించాడు. మేము ఆపలేదు. ఇది చదివి ఎవరూ ఇంట్లో తీగలు పట్టుకుని కూర్చోకండి, నేను డాక్టర్ను కాను.

డబ్బా నుంచి వచ్చే తీగల చివర చిన్న వెండి గిన్నెల్లాంటివి ఉంటాయి. వాటిలో జిగురు లాంటి పేస్టు నింపి తలకు అతికించాలి. ఎక్కడ అతికిస్తామన్నదే అసలు సంగతి. దర్జీ టేపుతో ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా, ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా కొలవాలి. ఎడమవైపు చోట్లకు బేసి అంకెలు, కుడివైపు సరి అంకెలు, నడిమి గీతకు అంకె ఉండదు. రెండు కొలతలూ కలిసే నడినెత్తిని మొదటి చోటుగా ఎంచుకున్నాను. కదలకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు అక్కడ పుట్టే అల సెకనుకు పన్నెండు నుంచి పదిహేను సార్లు ఊగుతుంది. దాన్ని పెంచితే ఫిట్స్ తగ్గుతాయని కొందరు రాశారు. అది పెరిగినప్పుడల్లా, డబ్బాకు కలిపిన కంప్యూటరు టింగుమంటుంది. నాలుగు నుంచి ఏడు సార్లు ఊగే మందకొడి అల పెరిగితే టింగు ఆగిపోతుంది.

మొదటి వారాల్లో తెర మీద అంతా చెత్తే. గిన్నె నిలవదు, జారిపోతుంది. పేస్టు మార్చాను, తీగలు మార్చాను, డబ్బాను తిట్టాను. తీరా చూస్తే బాపు రోజూ పొద్దున్నే కొడుకు నడినెత్తిన చల్లదనానికని కొబ్బరి నూనె మర్దనా చేస్తున్నాడు. మాడుకు నూనె లేకుండా ఇంట్లోంచి కొడుకును బయటికి పంపడం ఆయనకు పరువు తక్కువ. నూనె మానమంటే, "నీ మిషను కోసం పొల్లగాని తల ఎండబెట్టాల్నా?" అని అలిగాడు. చివరికి ఆదివారాలు నూనె ఉండదని ఒప్పందం కుదిరింది. చర్చి నుంచి వచ్చి, తిని, మధ్యాహ్నం కూర్చునేవాళ్ళం.

టింగులు మెల్లగా పెరిగాయి. ఫిట్స్ కొంచెం తగ్గాయి. కానీ కొత్తది ఒకటి మొదలైంది. ఫిట్స్ వచ్చే ముందు సామేలు తల తిప్పి వాకిలి వైపు చూసేవాడు. "అవ్వ వస్తున్నది. తాళాలు మోగుతున్నయ్" అనేవాడు.

నేను భయపడలేదు. ఫిట్స్ ముందు కొందరికి వాసనలు వస్తాయి, చప్పుళ్ళు వినపడతాయి. డాక్టరు కూడా అదే చెప్పాడు. ఎడమ చెవికి పైన ఉండే మెదడు భాగంలో ఫిట్స్ మొదలైతే ఇలాంటివి వినపడతాయన్నాడు. పుస్తకంలో ఉన్న విషయం కాబట్టి నాకు హాయిగా ఉంది.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటరు ఆగింది, ఫ్యాను ఆగింది. సామేలు తల మీద తీగలు అలాగే ఉన్నాయి. కరెంటు వస్తుందేమోనని ఎదురుచూస్తూ ముగ్గురం కూర్చున్నాం. బాపు గడప దగ్గర కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు.

అప్పుడు విన్నాను. ఒక అడుగుకు గట్టిగా, ఇంకో అడుగుకు మెల్లగా. వాకిట్లో, ఇంటి వైపు.

నేను సామేలు వైపు చూడలేదు, బాపు వైపు చూశాను. ఆయన చేతిలో చిక్కుడుకాయ ఆగింది. తల ఎత్తలేదు. ఎవరికో దారి ఇస్తున్నట్టు చాపిన కాళ్ళు మెల్లగా ముడుచుకున్నాడు.

నేను లేచి సామేలును కుర్చీలోంచి చాప మీదికి దించాను. పక్కకు తిప్పి పడుకోబెట్టగానే ఫిట్స్ వచ్చింది. వాడు కుర్చీలో ఉండి ఉంటే ఎదురుగా ఉన్న ఇనుప బీరువా అంచుకే తల తగిలేది.

మర్నాడు నేను ఇల్లంతా వెతికాను. పక్కింటివాళ్ళను అడిగాను. చక్రాల బండ్లు, బర్రెల మెడ గంటలు, అన్నీ విని చూశాను. ఏదీ ఆ చప్పుడు కాదు.

తర్వాత చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వెనకే ఫిట్స్. వాడిని దించి పడుకోబెట్టేంత వ్యవధి మాత్రం ఎప్పుడూ దొరికేది. ఆ రోజుల్లో వాడికి ఒక్క దెబ్బ తగలలేదు. నిజం చెబుతున్నాను, నాకు భయం కంటే సంతోషంగానే ఉండేది. వంటింట్లో ఉండి ఆ చప్పుడు వింటే, చేతిలో చెరుకు పిప్పి ఉన్నట్టే అనిపించేది. బాపు ఆదివారాలు శుభ్రమైన పంచె కట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

కానీ సామేలు సైకిల్ అలాగే గోడకు ఆని ఉంది.

నడినెత్తిన చేయగలిగింది అయిపోయింది. ఫిట్స్ ఒక మేరకు తగ్గి అక్కడే ఆగాయి. ఇక చేయాల్సింది నాకు తెలుసు. గిన్నెను ఎడమ చెవి పైకి మార్చాలి. అక్కడ మందకొడి అల ఎక్కువ ఉందని ముందే చూశాను. దాన్ని అణచే విధంగా పరికరం అమరికను మార్చాలి. చప్పుడు పుట్టే చోటు కూడా అదేనని డాక్టరు చెప్పనే చెప్పాడు.

సామేలుకు విడమరిచి చెప్పాను. వాడు చాలాసేపు టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. "గక్కడ పెడితే అవ్వ రాదు గదా" అన్నాడు. తెలియదన్నాను. "నువ్వు ఫిజిక్స్ టీచరువు, నీకే తెల్వకపోతే ఎట్లక్కా" అని నవ్వాడు. బలవంతం చేయనని చెప్పి డబ్బా మూసేశాను.

కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. ఒకరోజు భోజనం కాగానే వాడే డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"పెట్టక్కా. అవ్వ గూడ ఎన్ని పొద్దులని నడుస్తది. ఆమెకు మోకాళ్ళ నొప్పులున్నయ్ గద."

బాపు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను టేపు పట్టుకున్నాను గానీ అంకెలు సరిగ్గా కనపడలేదు. రెండుసార్లు కొలవాల్సి వచ్చింది.

చెవి పైన పెట్టడం అంత సుళువు కాదు. దవడ కదిపితే చాలు, తెరంతా గీతలే. నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నమిలే మనిషి నోరు కొంచెం తెరిచి బొమ్మలా కూర్చోవాలి. పెంచాల్సిన అలను కూడా ఆ పన్నెండు, పదిహేనుల నుంచి కిందికి దించాను, పైన ఉంటే వాడికి చిరాకు వచ్చేది. అలా కుదిరించుకుంటూ నెలలు చేశాం.

ఫిట్స్ అరుదయ్యాయి. చప్పుడు కూడా దూరం జరిగింది. వాకిట్లో వినపడేది కాస్తా గేటు అవతల నుంచి, తర్వాత వీధిలో నుంచి వినపడేది. ఒక ఆదివారం వీధి చివర మలుపు దగ్గర సన్నగా మోగింది. సామేలు అది వినలేదు. కంప్యూటరు టింగు టింగుమంటుంటే, కళ్ళు మూసుకుని నెమ్మదిగా కూర్చుని ఉన్నాడు. ఫిట్స్ రాలేదు. నేను విన్నాను. బాపు విన్నాడు. ఆయన గేటు దాకా నడిచి, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. లోపలికి వచ్చి, "పోయింది బిడ్డా" అన్నాడు. అంతే. మళ్ళీ వినలేదు.

సామేలుకు ఫిట్స్ ఆగాయి. డాక్టరు సరేనన్నాక, ఒక పొద్దున వాడు సైకిల్ తీసుకుని బోధన్ రోడ్డు ఎక్కాడు. వెనక ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటానికి నేనూ బాపూ ఒకరినొకరం కాపలా కాయాల్సి వచ్చింది. పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు, చొక్కా అంతా చెమట, ముఖం నిండా నవ్వు. ఆ నవ్వు కోసం నేను ఏ తీగైనా ఎక్కడైనా పెడతాను.

మధ్యలో డాక్టరు ఒక మాత్ర మార్చాడు. తగ్గింది దానివల్లే కావచ్చు. వయసుతో వాటంతట అవే ఆగి ఉండొచ్చు. డబ్బా వల్లనేనని నేను ఒట్టు పెట్టను.

అర్థం కానిది అది కాదు. చప్పుడు వాడి తలలో పుట్టిందంటే ఒప్పుకుంటాను. అలను అణచాం, చప్పుడు పోయింది, లెక్క సరిపోయింది. కానీ నా తల మీద ఏ తీగా లేదు. బాపు తల మీద నూనె తప్ప ఏమీ లేదు. వాడి మెదడులో అలను సరిచేస్తే, మా చెవుల్లో చప్పుడు ఎందుకు ఆగిపోయింది?

ఇప్పుడు బాపు కూడా లేడు. సామేలు బోధన్‌లో ఉంటున్నాడు, ఒంటరిగా, నిశ్చింతగా. డబ్బా నా దగ్గరే ఉంది. కొన్ని మధ్యాహ్నాలు దాన్ని బయటికి తీస్తాను. ఆ చప్పుడు ఒక్కసారి వినాలనిపిస్తుంది. తీగలు విప్పుతాను, టేపు తీస్తాను. ఎవరి తలకు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ చుట్టేస్తాను.