ఎడమకాలి బొటనవేలు

నేను భయపడడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేని రోజులవి. ఇరవైరెండేళ్ళు నిండినా కుక్క మొరిగితే వీధి మార్చేవాణ్ణి. బస్సులో కండక్టరు గొంతు పెంచితే, టిక్కెట్టు చేతిలోనే ఉన్నా మరోసారి జేబు తడుముకునేవాణ్ణి. మా అమ్మ దీన్ని దైవభీతి అనుకుని మురిసిపోయేది. (దైవభీతి వేరు, ఉత్త భీతి వేరు అని నాకు తెలుసు. ఆవిణ్ణి నిరాశపరచడం ఇష్టంలేక ఊరుకున్నాను.) అయితే ఆ రోజుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ వణికించిన వస్తువు ఒకటుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతుంది, ఇవాళ మీ అందరి దగ్గరా ఉంది. నా మొదటి ఆండ్రాయిడ్ ఫోను.

మాది గాజువాక. మా ఇంటి వెనక వీధిలోనే మా మందిరం. సండే స్కూల్లో బైబిలు వాక్యాలు కంఠతా అప్పజెప్పే పోటీలో వరసగా ఆరేళ్ళు నాదే మొదటి బహుమతి. (ఆరేళ్ళూ స్టీలు గ్లాసే ఇచ్చారు. మా ఇంటికి చుట్టాలొస్తే ఇప్పటికీ వాటిలోనే నీళ్ళిస్తాం.) ఆ చదువంతా చెప్పినవారు మా సంఘపెద్ద, గోదావరి వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలం ఆయన్ని పటం తాతగారు అనేవాళ్ళం. అంత్యదినాల సంగతులు చెప్పడానికి ఆయన దగ్గర తలుపంత గుడ్డపటం ఒకటి ఉండేది. దాన్ని ఆటోనగర్లో లారీలకు బొమ్మలేసే పెయింటరు చేత వేయించారు. అందుచేత అందులోని క్రూరమృగానికి ఏడు తలలూ, ఏడింటికీ లారీల ముందు వేసే గుడ్లురిమే కళ్ళూ ఉండేవి. కడవరి రోజుల్లో ఆ మృగం మనుషుల కుడిచేతి మీదో నొసటి మీదో తన ముద్ర వేయిస్తుందనీ, ఆ ముద్ర లేనివాడు ఏదీ కొనలేడు, అమ్మలేడనీ తాతగారు బెత్తంతో చూపిస్తూ చెప్పేవారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడేళ్ళు. ఏడుస్తూ మందిరం మెట్లమీదకు పారిపోయాను. ఆయనే బయటికొచ్చి, పక్కన కూర్చుని, పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టి ఒక చిన్న వాక్యం నేర్పించి లోపలికి తీసుకెళ్ళారు. బిళ్ళ అయిపోయింది, భయం మిగిలింది. హైవే మీద లారీ ఎదురొస్తే చాలాకాలం కళ్ళు మూసుకునేవాణ్ణి.

మా అక్క మొగుడు, అంటే మా బావ, పోర్టులో క్రేను నడుపుతాడు. మందిరానికి పెళ్ళిరోజు ఒకసారి వచ్చాడు, ఆ తర్వాత క్రిస్మస్ క్రిస్మస్‌కి వస్తాడు. మిగతా ఆదివారాలన్నీ ఆయన చేపల పులుసుకే అంకితం. ఐటీఐ పూర్తిచేసి ఏడాదిగా ఖాళీగా ఉన్న నాకోసం ఎవరెవరినో పట్టుకుని, పోర్టులో పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫిట్టరుగా చోటు సంపాదించింది ఆయనే. సోమవారం పొద్దున్న ఎనిమిదింటిలోగా గేటు దగ్గర హాజరు వేయించుకుంటే ఉద్యోగం నాది, లేకపోతే వెనకున్నవాడిది. అయితే గేటుపాసు కాగితం కాదు, ఫోనులో వస్తుంది. ఆ కంపెనీ యాప్ తెరుచుకోవాలంటే ఫోనుకి రహస్య అంకె ఒకటి, వేలిముద్ర గానీ మొహం గానీ ఒకటి పెట్టి ఉండాలి. అందుకని శనివారం సాయంత్రం బావ కొత్త ఫోను కొని తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏటి బావా, అలా సూత్తన్నావ్? కరవదు. పట్టుకో," అన్నాడు. (మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు.)

పట్టుకున్నాను. భాష అడిగింది, ఊరు అడిగింది, చెప్పాను. తర్వాత తెర మీద గీతలు గీతలుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. "నీ ఏలు పెట్టమంటంది," అంటూ బావ నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. వేలు ఇష్టం లేకపోతే మొహం చూపించినా సరిపోతుందని, నుదురు బాగా కనబడాలి కాబట్టి జుట్టు పైకి దువ్వుకోమని బావ సలహా ఇచ్చాడు. కుడిచెయ్యి, నొసలు. రెండూ అడిగిందా అని నాలో నేను అనుకుంటూండగానే బావ ధీమాగా ఇంకో మాట అన్నాడు. "ఇకమీదట కొన్నా అమ్మినా అన్నిటికీ ఇదే బావా. ఇది లేనోడికి టీ సుక్క పుట్టదు." (బావ జన్మలో ఒక్క ప్రసంగం చివరిదాకా వినలేదు. అయినా ఆ సంగతిని అంత సూటిగా చెప్పినవాళ్ళని నేను మందిరం వేదిక మీద కూడా చూడలేదు.) నా వెన్నులో ఏడు తలలూ ఒక్కసారి కళ్ళు తెరిచాయి. తర్వాత పెట్టుకుంటానన్నాను. రేపటిలోగా పెట్టెయ్యమని చెప్పి బావ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను ఫోనుని తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను.

ఆదివారం మందిరంలో తాతగారు నాకు పని దొరికినందుకు సంఘమంతటి చేతా కృతజ్ఞతా ప్రార్థన చేయించారు. అప్పుడైనా ఆయన్ని అడిగి ఉండాల్సింది. కానీ ఫోను ఇంటికి తెచ్చుకున్నానని ఆయనతో ఎలా చెప్పను? పటం నేర్పినాయన దగ్గరికి వెళ్ళి, ఆ మృగం మా బియ్యం డబ్బాలో ఉందండీ అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంటికొచ్చి ఆలోచించాను. వేలు పెట్టకపోతే ఉద్యోగం లేదు, పెడితే నిత్యజీవం లేదు. అమ్మ ఏడాదిగా నా ఉద్యోగం గురించి ఎవరడిగినా మాట మార్చేస్తోంది. మళ్ళీ ఆవిడ మొహం చూడడం నావల్ల కాదు.

మధ్యాహ్నం అమ్మ స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళాక ఫోను బయటికి తీసి, ముందు ప్రార్థన చేసి, తర్వాత లేఖనాలను ఆధారంగా పెట్టుకుని ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చాను. కుడిచెయ్యి కుదరదు, అది స్పష్టం. ఎడమచెయ్యి గురించి ఎక్కడా లేదు గానీ, అదీ చెయ్యే. ఇక మిగిలినవి కాళ్ళు. అందులో కుడికాలి బొటనవేలికి పూర్వం యాజకులను ప్రతిష్ఠించేటప్పుడు బలి పొట్టేలి రక్తం పూసేవారు, కాబట్టి అది పవిత్రమైనది, దాన్ని ఇందులోకి లాగకూడదు. ఎడమకాలి బొటనవేలి గురించి మాత్రం మంచిగా గానీ చెడ్డగా గానీ ఎక్కడా ఒక్క మాట లేదు. ఆరు స్టీలు గ్లాసులు గెలుచుకున్నవాడిగా ఆ సంగతి ఘంటాపథంగా చెప్పగలను.

ముందు అంకె పెట్టాలి. ఆ మృగం సంఖ్య మూడు ఆర్లు కాబట్టి అవి పక్కపక్కన పడకుండా చూసుకోవాలనుకుని, నాకు ధైర్యమిచ్చే వాక్యం ఒకటి తీసుకుని, అధ్యాయానికి రెండంకెలు, వచనానికి రెండంకెలు కలిపి వేశాను. అందులో ఒక ఆరు వచ్చింది. ఒక్క ఆరుకి దోషం ఉండదులే అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఫోనుని పీటమీద పెట్టి, గోడ పట్టుకుని, ఎడమకాలి బొటనవేలు ఆనించాను. తియ్యమంది, మళ్ళీ పెట్టమంది, అంచు పెట్టమంది, ఇంకా సరిగా ఆనించమంది. అలా పదిహేనుసార్లు. సరిగ్గా ఆ సమయానికి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"బావ కొన్న ఫోను రా. ఎందుకు తొక్కుతన్నావు?" అంది.

తొక్కడం లేదమ్మా, అలవాటు చేసుకుంటున్నాను అన్నాను. ఆవిడ దీర్ఘంగా చూసి, ఉద్యోగానికి వెళ్ళేవాణ్ణి ఏమీ అనకూడదని కాబోలు, లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం ఏడింటికల్లా పోర్టు గేటు దగ్గరున్నాను. కొత్త సేఫ్టీ బూట్లు కాళ్ళని కరుస్తున్నాయి. గాలికి బొగ్గుధూళి లేచి మొహాన పడుతోంది. కంపెనీ సూపర్వైజరు లిస్టు పట్టుకుని నిలబడ్డాడు, వరసలో ఓ ఇరవైమంది ఉన్నారు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే ఫోను మీద వేలు ఆనించి, పాసు చూపించి లోపలికి వెళ్ళిపోతున్నారు. నాకు అప్పటిదాకా ఒక్క విషయం తట్టలేదు. నా వేలు బూటులో ఉంది.

నా వంతు వచ్చింది. నేను రోడ్డు పక్క గట్టుమీద కూర్చుని తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను. వెనక నిలబడ్డ, ఎలమంచిలి నుంచి వచ్చిన ఒకాయన ఏమైనా గుచ్చుకుందా తమ్ముడూ అని అడిగాడు. లేదండీ, ఇప్పుడే అయిపోతుంది అని మేజోడు కూడా లాగి, ఫోను నేలమీద పెట్టి, అందరూ చూస్తుండగా బొటనవేలు ఆనించాను. గుర్తుపట్టలేదు. కొత్త బూటులో ఉడికి, చెమటకి నాని, ముడతలు పడి, పైన మేజోడు నూగు అంటుకున్న ఆ వేలిని నేనే గుర్తుపట్టలేను, పాపం అదేం గుర్తుపడుతుంది. ఐదుసార్లయ్యాక ఇక వేలు చాలు, అంకె వెయ్యమంది.

అంకె మర్చిపోయాను.

ధైర్యమిచ్చే వాక్యం అన్నంతవరకే గుర్తుంది. సూపర్వైజరు గడియారం చూసుకుని, ఎనిమిదింటికి లిస్టు మూసేస్తానని, ముగ్గురు వెయిటింగులో ఉన్నారని చెప్పి నన్ను పక్కకి జరిపాడు. భయపడవద్దు అన్న మాట లేఖనాల్లో ఎన్నిచోట్ల ఉందో మందిరానికి వెళ్ళేవాళ్ళకి తెలుసు. నాకవన్నీ కంఠతా వచ్చు, అదే నా కొంప ముంచింది. ఒక్కొక్కటే వేస్తున్నాను, తప్పంటోంది. ఐదు తప్పులకి ముప్పై సెకన్లు ఆగమంది. ఆగి, మళ్ళీ వేశాను. భయపడకు అని వేసిన ప్రతిసారీ భయం కొంచెం పెరిగింది. ఎలమంచిలాయన వరసలోంచే మెడ చాచి, "ఒకటీ రెండూ మూడూ నాలుగూ కొట్టి సూడు తమ్ముడూ. మా ఇంటిల్లిపాదిదీ అదే," అన్నాడు.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి బావ గేటులోంచి బయటికి వచ్చాడు. ఒక కాలికి బూటుతో, ఒక కాలు బోసిగా కూర్చున్న నన్ను చూశాడు.

"ఏటి బావా, జోడిప్పీసినావు? గుడనుకున్నావేటి?"

సంగతి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆపేశాడు. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేమీ అడక్కుండా తన ఫోను తీసి, "మీ తాతగారికే సేత్తన్నాను. ఆ పటం గీయించినోడే దీనికి దారి సెప్పాల," అని స్పీకరు పెట్టాడు. (పెళ్ళప్పటి నుంచి ఆ నంబరు బావ దగ్గరుంది. చేసింది మాత్రం అదే మొదటిసారి.)

వరసంతా వింటుండగా నేను అన్నీ ఒప్పుకున్నాను. బియ్యం డబ్బా, కుడిచెయ్యి, కాలివేలు.

"ఏ కాలు?" అన్నారు తాతగారు.

"ఎడమకాలండి."

"కుడికాలు యాజకులదనా?"

"అవునండి."

"పాఠం బాగానే గుర్తుంది నీకు," అన్నారు. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "నాయనా, నా ఫోనుకి కుడిచేతి బొటనవేలే పెట్టుకున్నాను. ముద్రంటే నువ్వు ఎవరికి మొక్కుతావన్నది రా. పటంలో ఆ కళ్ళు పెయింటరు సొంతంగా వేశాడు. అవి చూసి మీరు కదలకుండా కూర్చుంటున్నారని నేనూ చెరపమనలేదు. నీలో ఇంతకాలం ఉండిపోతాయనుకోలేదు. తప్పు నాది."

ఆయన అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు. ఎనిమిదికి ఐదు నిమిషాలే ఉన్నాయండీ అన్నాను. అంకె గురించి ఏమైనా గుర్తుందా అని అడిగారు. ఒక ఆరు ఉందన్నాను. భయపడొద్దన్న మాటలన్నీ వేశావా అంటే వేశానన్నాను.

"అయితే అది భయపడొద్దనే మాట కాదు," అన్నారు నెమ్మదిగా. "నువ్వు భయపడే పిల్లాడివి. వద్దంటే నీకు ఇంకా భయమేసేది. అందుకే ఆవేళ మెట్లమీద నీకు వేరేది చెప్పాను. భయమేసిన రోజున ఎవర్ని పట్టుకోవాలో చెప్పే మాట. బిళ్ళ బుగ్గన పెట్టుకుని అప్పజెప్పావు, గుర్తొచ్చిందా?"

"కీర్తనలు యాభయ్యారు, మూడు," అన్నాను. ఆయన కూడా నాతోపాటే అన్నారు.

ఐదు, ఆరు, సున్నా, మూడు. ఫోను తెరుచుకుంది. పాసు మీద బిగుసుకుపోయిన నా ఫోటో కనబడింది. సూపర్వైజరు లిస్టులో టిక్కు పెట్టి, ముందు బూటు వేసుకోమన్నాడు. ఎలమంచిలాయన అప్పటికే లోపలికి వెళ్ళినా, పనిలోకి పోకుండా గేటు అవతలే నిలబడి చూస్తున్నాడు. "రెండో అంకె ఆరన్నమాట," అని తృప్తిగా నిట్టూర్చి కదిలాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీను దగ్గర ఒక్కణ్ణే నిలబడి కుడిచేతి బొటనవేలు పెట్టాను. ఆకాశం వైపు చూశాను. ఏమీ కాలేదు. టీ తాగి పనిలోకి వెళ్ళాను.

తాతగారు ఇప్పుడు లేరు. ఆ పటం చుట్టచుట్టి మందిరం బీరువా వెనక ఉంది. సండే స్కూలు నేనే చెబుతున్నాను గానీ, దాన్ని బయటికి తియ్యలేదు. ఆ తర్వాత ఫోన్లు మూడు మారాయి. (అంకె కూడా మార్చాను, కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.) ప్రతి కొత్త ఫోనులోనూ ఎవరూ చూడకుండా ఎడమకాలి బొటనవేలు కూడా ఎక్కిస్తాను, ఎందుకో ఉండనీ అని. భయం మాత్రం పోయింది. పోయి మేలు చేసిందో లేదో చెప్పలేను. ఆ కుర్రాడు ఫోను ముట్టుకునే ముందు మోకరించి ప్రార్థన చేసేవాడు. నేను ప్రార్థన మధ్యలో ఫోను ముట్టుకుంటున్నాను. అందుకని ఈమధ్య పొద్దున్నే మోకరించేటప్పుడు దాన్ని వెనక్కి, పాదాల దగ్గర పెట్టుకుంటున్నాను. అది అక్కడ గుర్రుమంటూ ఉంటుంది. ఎడమకాలి వేలికి అందుతుంది కూడా. కానీ కాలివేలితో తెరవాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.