నా గొంతు దుబాయ్ చేరింది

డాక్టర్ చదివి కంప్యూటర్ ముందు కూర్చున్నానని మా అవ్వకు ఇప్పటికీ నా మీద కోపమే. "నాడి పట్టేటి చెయ్యితోని టకటక బటన్లు ఒత్తుకుంట కూసుంటవా?" అంటుంది. సిద్దిపేటలో ఏళ్ళ తరబడి కాన్పుల వార్డులో పనిచేశాక నేను ఈ పనిలోకి మారాను. రోగుల వివరాలన్నీ కంప్యూటర్‌లో పెట్టి, ఎవరికి ఎప్పుడు ఏ పరీక్ష కావాలో అదే గుర్తుచేసేలా చెయ్యడం నా పని. "అంటే ప్రింటర్లు రిపేరు చేస్తవా?" అని అడిగిన మేనమామ కూడా ఉన్నాడు నాకు. ఎవరేమన్నా అననీ, నాకు ఈ పనంటే ఇష్టం. వార్డులో ఉన్నప్పుడు వచ్చినవాళ్ళనే చూసేదాన్ని. ఇప్పుడు రానివాళ్ళ వెంట పడుతున్నాను.

వెంట పడటమంటే గర్భిణుల ఫోన్లకు వాయిస్ మెసేజ్‌లు పంపడం. మొదట్లో చక్కటి గొంతున్న ఒకామె చేత చక్కటి తెలుగులో రికార్డు చేయించారు. "ప్రియమైన సోదరీ, మీ ఆరోగ్యమే మా ధ్యేయం" అని మొదలయ్యేది. లోను కట్టమని బ్యాంకోళ్ళు పంపారనుకొని మా ఆడవాళ్ళు మొదటి ముక్కకే ఆపేసేవారు. నాకు ఒళ్ళు మండింది. మైకు లాక్కొని నేనే మాట్లాడాను. "ఏం బిడ్డా, గోలీలు ఏసుకుంటున్నవా, కిటికీల పెట్టి మర్చిపోయినవా? బీపీ చూపిచ్చుకోనీకి ఎప్పుడొస్తవ్?" అన్నాను. అప్పటినుంచి చివరిదాకా వినడం మొదలుపెట్టారు. మావైపు గదమాయించేవాళ్ళంటేనే నమ్మకం మరి!

ఒక మధ్యాహ్నం మాతో పనిచేసే ఇంజనీరమ్మ నా బల్ల దగ్గరకు వచ్చింది. హైదరాబాద్ పిల్ల, పనిలో మహా నిక్కచ్చి.

"మేడం, చాలా నంబర్లు తప్పు. ఆడవాళ్ళకు పంపిన మెసేజ్‌లు మగవాళ్ళు వింటున్నారు. అది కూడా దుబాయ్‌లో, మస్కట్‌లో! తీసేద్దామా?" అని మా మెసేజ్‌కు వచ్చిన ఒక వాయిస్ జవాబు వినిపించింది. వెనకాల క్రేన్ చప్పుడు, దాని మధ్యలో బుద్ధిగా ఒక మగ గొంతు: "సరే మేడం, చెప్త."

నాకు నవ్వు ఆగలేదు. దవాఖానలో ఫోన్ నంబర్ అడిగితే మా ఆడవాళ్ళు పెనిమిటి నంబరే చెబుతారు. అతను భివండీలో మగ్గం నడుపుతున్నా సరే, గల్ఫ్‌లో బిల్డింగులు కడుతున్నా సరే, ఇంటి నంబరంటే అదే. చేతిలో ఉన్న తమ ఫోన్ లెక్కలోకి రాదు. మా మెసేజ్‌లేమో నెట్ మీద పోయేవి. అతను ఊరి నంబర్ అలాగే ఉంచుకున్నంత కాలం ఎక్కడున్నా అతని చెవిలోనే పడతాయి.

అయితే ఆ "సరే మేడం" ఎవరిదో చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది. అతని భార్య చంద్లాపూర్ వైపు నుంచి వచ్చే అమ్మాయి. తొలిచూలు, ఎనిమిదో నెల, బీపీ ఎక్కువ. పోయిన వారం రావాల్సింది, రాలేదు. ఆ బీపీ ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తాయి, తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రాణాపాయం. అలాంటి కేసులు నేను వార్డులో చూశాను, చేతుల్లోనే పోయినవాళ్ళనూ చూశాను. ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ అమ్మాయి నంబర్ మా దగ్గర లేదు. మొగుడి నంబర్ ఒక్కటే ఉంది.

ఆ నంబర్‌కే మాట్లాడి పంపాను. "తమ్మీ, నీ భార్య చూపిచ్చుకోనీకి రాలే. ఇప్పుడే వీడియో కాల్ చేసి మొఖం చూడు. ఉబ్బినట్టున్నా, తల నొస్తుందన్నా, కండ్లు మసకలన్నా నాకు ఫోన్ చెయ్యి."

కాసేపటికే చేశాడు. "మేడం, మొఖం బాగ ఉబ్బింది. కండ్ల ముంగట మెరుపులొస్తున్నయట. ఏం లేదు, నిద్ర సాలలేదంటున్నది మా అవ్వ. రేపు అమాస పోయినంక తీస్కపోతరట. ఏం జెయ్యాలె మేడం?"

"ఏం జెయ్యాలె అని నన్నడుగుతవేంది! అంబులెన్స్ పంపుతున్న. ఇంటికి ఫోన్ జేసి ఆమె ఎక్కేదాక పెట్టెయ్యకు, మీ అవ్వ మీద ఒర్రు!" అని నేనే అతని మీద అరిచాను.

అతను నిజంగానే అరిచాడట. దుబాయ్‌లో పని ఆపేసి, అమ్మ మీద, వదిన మీద, పక్కింటివాళ్ళ మీద, అమ్మాయి బండెక్కేదాకా అరుస్తూనే ఉన్నాడట. దవాఖానకు రాగానే బీపీ చూసిన నర్సు డాక్టర్ కోసం పరుగెత్తింది. పొద్దు గూకకముందే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బరువు తక్కువే కానీ ఏడుపు మాత్రం వార్డంతా వినబడింది. ఆ ఏడుపు వింటూ వార్డు బయట గోడకానుకొని నిలబడ్డాను. ఎంత హాయిగా అనిపించిందో!

మూడోనాడు చూడటానికి వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు. పాపం, నా గొంతు ఎప్పుడు విన్నదని! దిండు మీద ఫోన్ పెట్టుకొని మొగుడితో మాట్లాడుతోంది. "అంతా మంచిగున్నం, నువ్వేం రంది పడకు" అంటోంది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాను.

"గా మేడమే! గదే గొంతు!" అని ఫోన్‌లోంచి అతను కేక పెట్టాడు. పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు.

"తమ్మీ, ఇగ టీకాల మెసేజ్‌లు మీ ఆమె నంబర్‌కే పంపుతం. నీకు తిప్పలుండవు" అన్నాను.



"వద్దు మేడం, నా నంబర్ తీయకున్రి. ఎప్పుడు ఫోన్ జేసినా అంతా మంచిగున్నం అంటరు. మా బాపు పోయిననాడు గూడ మంచిగున్నడనే అన్నరు. దూరమున్నోడు రంది పడుతడని ఎవ్వలు ఏం చెప్పరు. నాకు ఉన్నదున్నట్టు చెప్పింది మీరొక్కరే."

ఆ అమ్మాయి తల వంచుకొని కాసేపు బిడ్డ బట్ట సవరించింది. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"కుట్లు మస్తు నొస్తున్నయ్. రాత్రంత నిద్ర లేదు" అంది. "పాపకు కామెర్లున్నయట, లైటు కింద పెడ్తరట. నాకు భయమైతుంది."

"ఇంక?" అన్నాడు అతను. "ఇంక చెప్పు."